మా అక్క మాత్రలు, నా పీక

ఒరే బావా, ముందు ఆ టీ గ్లాసు కింద పెట్టు. కాబోయే డాక్టర్లు పదిమంది వరసగా నిలబడి, ఒకడి తరవాత ఒకడు నా పీక పిసికేరంటే నమ్ముతావా? నమ్మవు. మా ఆవిడ సత్యవతి పక్కనే నిలబడి సూసింది, దాన్నే అడుగు. "బాగా నొక్కండి బాబూ" అని వాళ్ళకి సలహా కూడా ఇచ్చింది మహాతల్లి!

మొదట్నుంచీ సెప్తాను, వినండి. నా పని మీకు తెలిసిందే. ఆటోకి మైకు కట్టుకుని అనకాపల్లంతా కేకలేసుకుంటూ తిరగడం. చీరల సేలయినా, కొత్త సినిమా అయినా, ఎవరిదైనా ఆవు తప్పిపోయినా, ఊరికి వినబడేది ఈ నూకరాజు గొంతే. అలాంటి గొంతు కిందటేడు ఎండాకాలం నుంచి తేడా కొట్టీసింది. బొంగురు! ఎవడీ ముసలాడు అని జనం ఆటోలోకి తొంగి సూసీవారు.

గొంతొక్కటేనా? మొహం ఉబ్బిపోయింది. ఒకటే నిద్దర. మే నెలలో అందరికీ చెమటలు కారుతుంటే నేను మంకీ క్యాప్ పెట్టుకుని తిరిగేను. ఒకరోజు శారదానది వంతెన దగ్గర, చీరల సేల్ సగం సెప్పి, అలాగే కునుకు తీసీసేను. మైకు ఆన్‌లోనే ఉన్నాది. నా గురక ఊరంతా వినీసింది! చీరల షాపాయన ఫోను సేసి మా ఓనరుని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టేడు.

ఓనరు నన్ను పిలిచి మెల్లగా అన్నాడు. "నూకరాజూ, జాతర దాకా సూత్తాను. అప్పటికి గొంతు బాగవకపోతే వైజాగులో ఎవరి చేతైనా సీడీ రికార్డు సేయించీత్తాను. సీడీ అయితే నిద్దరోదు, టీ అడగదు." నాకు ఇంకో పని రాదు బావా. ఈ గొంతే నా కూడు.

ఇంక వైద్యం మొదలు. కాంపౌండరు "గ్యాస్" అన్నాడు. మా అత్త "దిష్టి" అని మిరపకాయలు తిప్పింది. సత్యవతయితే "జబ్బూ లేదు గిబ్బూ లేదు, బద్ధకం" అని తేల్చీసింది. గ్యాస్ మాత్రలూ మింగేను, దిష్టీ తీయించుకున్నాను, తిట్లూ తిన్నాను. గొంతు రాలేదు.

దసరా వెళ్ళేక ఓ పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళేం. ఆయన నా మొహం సూసి, మెడ తడిమి, మడమ దగ్గర చిన్న సుత్తితో కొట్టి, "థైరాయిడ్‌లా ఉందయ్యా" అన్నాడు.

"అది ఆడోళ్ళకి కదండీ వచ్చీది?"

"ఏం, మగాళ్ళకి పీక ఉండదా?"

రక్తం వైజాగు పంపించేరు, రిపోర్టు వచ్చింది. థైరాయిడ్ పని బాగా తగ్గిపోయిందట. "చిన్న డోసుతో మొదలెడదాం. నెలన్నర తరవాత మళ్ళీ టెస్టు. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అనడిగేడు. "ఎవరికీ లేదండి" అన్నాను. అప్పటికి నాకు తెలిసింది అంతే.

ఆ ఆదివారమే మా అక్క మాడుగుల నుంచి హల్వా డబ్బా పట్టుకుని వచ్చింది. నా మాత్ర సూసి, సత్యవతి వంటింట్లోకి వెళ్ళీదాకా ఆగి, నా చెవిలో అంది. "ఒరే, నాకూ ఇదేరా! మూడేళ్ళయింది. ఎవరికీ సెప్పలేదు. నీకు ఇరవై అయిదుదే ఇచ్చేడేటి? ఇది చిన్నపిల్లలకిచ్చీది. నేను రోజూ వందది ఏసుకుంటాను. ఉండు." సంచిలోంచి కొత్త డబ్బా తీసి నా చేతిలో పెట్టీసింది. "ఇదిగో, డాక్టరుకి మాత్రం సెప్పకు. నాకూ ఆయనే. కిందటిసారి పక్కింటావిడకి సన్నబడతాదని నాలుగు మాత్రలిస్తే, నలుగురిలో పెట్టి కడిగీసేడు. నామీద ఒట్టు!"

ఒట్టేసేను. డబ్బా అయిపోయినప్పుడల్లా మాడుగుల బస్సు కండక్టరు చేత ఇంకోటి పంపించీది. ప్రేమ బావా, ప్రేమ! ఇంక నా తెలివి సూడండి. అక్క బక్కపలచన మనిషి. అక్కకి ఒకటయితే నాకు రెండు కదా? డాక్టరిచ్చిన ఇరవై అయిదు ఉండనే ఉన్నాది. రోజూ పొద్దున్నే మూడూ కలిపి మింగీవాణ్ణి.

కొన్ని వారాలకి ఏటయిందనుకున్నారు? గొంతు వచ్చీసింది! గంట కొట్టినట్టు! అక్క కాళ్ళకి దండం పెట్టాలనిపించింది. ఆ తరవాత మిగతావి కూడా వచ్చేయి. చేతులు వణుకు. గుండె దడదడ. ఎనిమిది ఇడ్లీలు తిని "ఇంకేటున్నాది?" అని అడుగుతున్నాను, ప్యాంటు మాత్రం జారిపోతన్నాది. నిద్దర పోయింది. అయిదు నిమిషాల అనౌన్స్‌మెంటు నిమిషన్నరలో అప్పగించీసేవాణ్ణి. "ఏటమ్ముతున్నాడ్రా వీడు?" అని జనం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు సూసుకునీవారు.

రెండో రిపోర్టు సూసి డాక్టరు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "నేనిచ్చింది ఇరవై అయిదు. దానికి ఇంత పెరగదే! వేరే ఏమైనా వేసుకుంటున్నావా?"

ఒట్టు గుర్తొచ్చింది. "లేదండి."

"సరే, నా మాత్ర ఆపెయ్."

ఆపీసేను. నిజంగా ఆపీసేను! ఆయన ఆపమన్నది ఆయన మాత్ర. అక్క మాత్ర గురించి ఆయన ఏటీ అనలేదు కదా? పైగా గొంతు తెచ్చింది అదేనని నా నమ్మకం. అది మానితే మళ్ళీ బొంగురు, మళ్ళీ సీడీ. ఎలగ మానీది?

మూడో రిపోర్టు. ఏటీ తగ్గలేదు. ఈసారి ఆయన బుర్ర గోక్కున్నాడు. "మందు ఆపినా తగ్గలేదంటే... ఆటో ఇమ్యూన్ థైరాయిడ్ ఎక్కడో ఒకరికి ఇలా తగ్గడం నుంచి పెరగడంలోకి తిరుగుతుంది. వైజాగ్ వెళ్ళు, లెటర్ రాస్తాను."

"ఆపరేషనా అండి?"

"అవసరమైతే. గొంతు నరం పక్కనే ఉంటుంది గానీ, జాగ్రత్తగానే చేస్తారు."

గొంతు నరం అన్న తరవాత నాకింకేటీ వినబడలేదు. బస్సులో సత్యవతి చెయ్యి పట్టుకుని ఏడిసేను బావా. సిగ్గెందుకు, ఏడిసేను. అది కూడా ఏడిసింది. "మైకు పోతే పోనీ, నువ్వుంటే చాలు" అంది. బద్ధకం అన్న మనిషే!

వైజాగులో ప్రొఫెసరు గారికి నేనంటే పండగే. అరుదైన కేసు కదా! స్టూడెంట్లందర్నీ పిలిచేడు. ఒక్కొక్కరూ నా వెనక నిలబడి, రెండు చేతులూ పీక మీద పెట్టి, "నీళ్ళు తాగండి, మింగండి" అనీవారు. మింగేను. ఇంకొకరు. మళ్ళీ మింగేను. పదోవాడు వచ్చేసరికి పీక సంగతి కాదు, బాత్‌రూం ఎక్కడని అడగాల్సొచ్చింది. తరవాత మళ్ళీ రక్తం తీసేరు, ఏదో మందు తాగించి మెడకి స్కాన్ తీసేరు.

రెండో రోజు ప్రొఫెసరు గారు స్కాన్ పట్టుకుని స్టూడెంట్లని అడిగేడు. "ఈయన గ్రంథి పడుకునుంది. ఏమీ తయారుచేయట్లేదు. రక్తంలో చూస్తే హార్మోను పొంగి పొర్లుతోంది. మరి ఎక్కణ్ణుంచి వస్తోంది?"

ఒకడు ఏదో ఇంగ్లీషు పేరు సెప్పేడు. కాదన్నాడు. ఇంకోడు ఇంకో పొడుగు పేరు. అదీ కాదు. నేనూ ఆలోచిత్తన్నాను, నిజంగా ఎక్కణ్ణుంచి వత్తన్నాదా అని! అంతలో వెనక నిలబడ్డ ఓ సన్నపాటి అమ్మాయి భయంభయంగా అంది.

"సార్, ఆయన చొక్కా జేబులో ఏవో మాత్రలు కనబడుతున్నాయి సార్."

ప్రొఫెసరు గారివీ కలిపి ఇరవై రెండు కళ్ళు నా జేబు మీదికి! సత్యవతివి ఇంకో రెండు. పొద్దున్న మర్సిపోకూడదని జేబులో పెట్టుకున్నాను, ఏటి సెయ్యను?

ఒట్టు గిట్టు గాలికొదిలీసేను. ప్రొఫెసరు గారి చెవిలో మెల్లగా సెప్పుకుందామనే అనుకున్నాను. గానీ ఇరవై ఏళ్ళు మైకు పట్టిన గొంతు, అది మెల్లగా వస్తాదా? "మా అక్క మాత్రలండీ! రోజుకి రెండు!" అన్నాను. బయట ఓపీలో లైనంతా లేచి నిలబడింది. సత్యవతి నా వీపు మీద ఒక్కటిచ్చింది, అది కూడా బయటికి వినబడే ఉంటాది.

ప్రొఫెసరు గారు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. "ఆపరేషనూ వద్దు, ఏమీ వద్దు. అన్నీ మానేసి నెలన్నర తరవాత రా. అప్పుడు నీకెంత కావాలో అంతే ఇస్తాం. నీ గొంతుకేం ఢోకా లేదు."

ఆ మాటకి ఆయన కాళ్ళ మీద పడబోయేను. సెప్పినట్టే సేసేను. జాతరకి మైకు నేనే పట్టుకున్నాను, మీరూ విన్నారు కదా. మా అక్కకి ఇక్కడి డాక్టరు దగ్గర రెండో విడత కడుగుడు అయింది. ఇప్పటికీ నాతో సరిగ్గా మాటాడ్డం లేదు.

ఇంతకీ నా జబ్బేటో సెప్పలేదు కదూ? ప్రొఫెసరు గారు తాపీగా కూర్చోబెట్టి సెప్పేడు. ఒంట్లో మనల్ని కాపాడ్డానికి ఓ సైన్యం ఉంటాదట. నాకు అది పొరపాటు పడి, సొంత థైరాయిడ్‌నే శత్రువనుకుని కొడతన్నాదట. "సొంత మనిషిని కొట్టీదేటండీ, దానికి బుద్ధి లేదా?" అని కోపంగా అడిగేను.

ఆయన నా జేబు వైపు సూసేడు. నిజమే బావా, సైన్యమంటే తెలీక కొట్టింది. నన్ను నేను మాత్రం, రోజూ పరగడుపున, గ్లాసుడు నీళ్ళతో, గడియారం సూసుకుని మరీ కొట్టుకున్నాను!