ఆమెన్ అనగానే కంట్రోల్ ఎస్

పోయినదాన్ని తిరిగి చేతిలో పెట్టే దేవునికి స్తోత్రం. వణికే వేలిని చూసి జాలిపడే తండ్రికి స్తోత్రం. ఏ సంగతి చెప్పినా ఆయన పేరు ముందుండాలని చిన్నప్పుడు సండే స్కూల్లో నేర్పారు. ఈ సంగతి చెప్పబోతే ఆయన పేరు లేకుండా నాకు నోరే పెగలదు.

మా మందిరం భద్రాచలం అడవి అంచున, రేకుల కప్పు కింద ఉంటుంది. నేను పుట్టింది కల్లూరు దగ్గర. అక్కడే ఆరు నెలలు కంప్యూటర్ నేర్చుకున్నాను. మా సారు మేం మౌస్ ముట్టుకుంటే ఊరుకునేవారు కాదు. "మౌస్ చచ్చినా మీ వేళ్ళు బతకాలె" అనేవారు. మొత్తం పట్టుకోవడానికి కంట్రోల్ ఎ, భద్రం చేయడానికి కంట్రోల్ ఎస్, చేసినదాన్ని వెనక్కి తిప్పడానికి కంట్రోల్ జెడ్. వాక్యాలు కంఠతా పట్టినట్టే అవన్నీ పట్టాను. పెళ్ళయి ఇటు వచ్చాక, సంఘానికి ఎవరో ఇచ్చిన పాత కంప్యూటర్ నా పాలికి వచ్చింది.

సంఘంలో ఒక అవ్వ ఉండేది. చదువు రాదు. కోయ భాషలో దేవుని మీద తనే పాటలు కట్టి పాడేది. ఆమె చాప మీద కూర్చుని పాడుతుంటే నేను తెలుగు అక్షరాల్లో టైప్ చేసేదాన్ని. పాట ముగించి ఆమె "ఆమెన్" అనేది. నేను కంట్రోల్ ఎస్ నొక్కేదాన్ని.

"ఆ రెండు మీటలు ఎందుకొత్తుతవ్ బిడ్డా?" అని ఒకరోజు అడిగింది.

"పాట పోకుండ అవ్వా."

"గట్లయితే గట్టిగొత్తు."

అలా రెండేళ్ళలో నలభై ఒక్క పాటలయ్యాయి. చివరి పాట ఎక్కించిన వానాకాలంలోనే అవ్వ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ పాటలు పూర్తిగా తెలిసినవాళ్ళు ఇంకెవరూ లేరు. కన్నకూతురికి కూడా ఒక్కోదాంట్లో రెండు చరణాలకు మించి రావు. అన్నీ ఉన్నది ఆ ఒక్క ఫైల్లోనే. పెన్‌డ్రైవ్‌లోకి కూడా ఎక్కించాలని ప్రతి ఆదివారం అనుకుని, ప్రతి ఆదివారం ఇంటికి వెళ్ళిపోయేదాన్ని. ఆ తప్పు నాదే.

ఆ ఆదివారం ఆరాధన అయిపోయింది. మర్నాడు పాస్టర్ గారు పాటలను పుస్తకంగా వేయించడానికి ఖమ్మం వెళ్ళాలి. అక్షరాలు ఇంకాస్త పెద్దవి చేయమని ప్రెస్సు ఆయన చెప్పాడు. అందుకని కంట్రోల్ ఎ నొక్కాను. పాటలన్నీ నీలం రంగులోకి మారాయి. అంతలో పాస్టర్ గారు వచ్చారు.

"చేతులుంచి ప్రార్థన చేద్దామమ్మా. రేపు పోయే పని గదా."

మా దగ్గర దేనికైనా అంతే. కొత్త కుట్టుమిషన్ వచ్చినా, విత్తనాల సంచి విప్పినా, కాలు విరిగినా దాని మీద చేతులుంచి ప్రార్థిస్తాం. నేను కుర్చీలోంచి లేచి పక్కకు జరిగాను. సంఘపెద్ద మానిటర్ మీద చెయ్యి వేశాడు. అవ్వ కూతురు నా చోటికి వచ్చి నిలబడింది. అందరం కళ్ళు మూసుకున్నాం.

ప్రార్థన మధ్యలో 'టక్' అని చిన్న చప్పుడైంది. మీట దిగిన చప్పుడే. ఆ చప్పుడు నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? అయినా కళ్ళు తెరవలేదు. ప్రార్థనలో కళ్ళు తెరిచేవాళ్ళను దేవుడు చూస్తుంటాడని చిన్నపిల్లలకు నేర్పేది నేనే. రెప్పలు ఇంకా బిగించాను. పాస్టర్ గారు ముగించారు. అందరం "ఆమెన్" అన్నాం. రెండేళ్ళ అలవాటు. నా చెయ్యి దానంతటదే వెళ్ళి కంట్రోల్ ఎస్ నొక్కేసింది.

అప్పుడు చూశాను. పాటలు లేవు. పేజీ మీద ఒకే అక్షరం నాలుగు వరసలు పాకి ఉంది. నీలంగా ఉన్నప్పుడు ఏ అక్షరం మీట తగిలినా మొత్తం చెరిగిపోతుంది. చెరిగిపోయినదాన్నే నేను భద్రం చేశాను.

అవ్వ కూతురు కీబోర్డు మీద నుంచి చెయ్యి తీసింది. "అక్కా, మా అమ్మ పాటలేయి?"



సంఘపెద్ద అందుకున్నాడు. "చేతులు మనుషుల నెత్తి మీద పెట్టాలె గని, మీటల మీద పెడ్తరా?"

"నీ చెయ్యి యాడుండె మామా? ఆ డబ్బా నెత్తి మీద గాదా?" అంది వెనక నుంచి ఒకామె.

"సర్లే. ఒక్కపారి బంద్ చేసి మళ్ళ వెయ్యరాదు? నా ఫోన్‌కు గట్లనే నయమైతది." అంటూ ఆయన స్విచ్ వైపు చెయ్యి చాచాడు.

"ముట్టొద్దు!"

మందిరంలో నేను అరవడం అదే మొదలు. ఫైలు తెరిచి ఉన్నంతసేపే దాన్ని వెనక్కి తిప్పగలం. మూసినా, కరెంటు పోయినా ఇక అంతే. యూపీఎస్ బ్యాటరీ ఎండాకాలంలోనే చచ్చిపోయింది. బయట గాలి లేచింది. పైన ఫ్యాన్ మెల్లగా తిరుగుతోంది. మా వైపు తీగల మీద ఒక్క కొమ్మ పడితే చాలు, కరెంటు మళ్ళీ మర్నాడే.

మౌస్ పట్టుకున్నాను. వణుకుకు బాణం గుర్తు పోయి పైమూల మీదికి, ఫైలు మూసే గుర్తు దగ్గరికి చేరింది. మౌస్ వదిలేశాను. చిటికెన వేలు కంట్రోల్ మీద పెట్టాను. జెడ్ పక్కనే ఎక్స్ ఉంది. రోజూ చూసే మీటలే, ఆ క్షణాన ఏది ఏదో నమ్మకం కుదరలేదు. నీకు అప్పగించిన పాటలేవని తండ్రి అడిగితే ఏం చెప్పాలి? నీకు ఎన్ని ఆదివారాలు ఇచ్చానని అంటే? ప్రార్థించబోతే మాటలు రాలేదు. నొక్కాను.

పిచ్చి అక్షరాలు పోయాయి. తెల్ల కాగితం మిగిలింది. అంతే. పాటలు రాలేదు.

పక్కన కూతురు ఏడుపు మొదలైంది. గాలికి రేకులు కొట్టుకుంటున్నాయి. ప్రభువా అని మళ్ళీ నొక్కాను.

పేజీ నిండా నీలం. మొదటి పాట, రెండో పాట, అవ్వ మాటలన్నీ. "స్తోత్రం!" అని ఎవరో అరుస్తూ బల్ల మీదికి వంగారు. "దగ్గరికి రాకండి" అన్నాను. ఇంకా నీలంగానే ఉంది కదా, ఎవరి చీర కొంగు తగిలినా మళ్ళీ మొదటికే. బాణం మీట ఒకటి నొక్కితే నీలం పోయింది. కంట్రోల్ ఎస్ మీద వేళ్ళు పెట్టాను.

"గట్టిగొత్తు అక్కా" అంది కూతురు, ఏడుస్తూనే. వాళ్ళమ్మ మాటే, వాళ్ళమ్మ గొంతే.

నొక్కాను. పెన్‌డ్రైవ్ కోసం సంచి వెతుకుతుంటే కరెంటు పోయింది. నొక్కింది పూర్తిగా పడిందో లేదో తెలియకుండానే ఇంటికి వెళ్ళాను. అన్నం సయించలేదు. మర్నాడు పొద్దున కరెంటు వచ్చాక ఫైలు తెరిచి, పాటలు వేలు పెట్టి లెక్కపెట్టాను. నలభై ఒకటీ ఉన్నాయి. పాస్టర్ గారు బస్సెక్కే ముందు పెన్‌డ్రైవ్‌ను రుమాల్లో మూటకట్టి ఇచ్చాను.

ఆ రోజు నుంచి అవ్వ కూతురు ప్రార్థనలో చేతులు వెనక్కి కట్టుకుంటుంది. నేను కంప్యూటర్ ముందు కళ్ళు మూయలేకపోతున్నాను. మూస్తే ఆ 'టక్' వినపడుతుంది. తెరిస్తే తండ్రి చూస్తున్నాడేమోనని భయం. రెండిట్లో ఏది తప్పో నాకింకా తేలలేదు.

పుస్తకం ఇంకా అచ్చు కాలేదు. ఖమ్మంలో ఎవరో తెలియని చేతులు ఇప్పుడు ఆ మీటల మీద ఉన్నాయి. అందుకే అడుగుతున్నాను. ఇది చదువుతున్న మీరు ఉన్నచోటే ఉండి, కళ్ళు మూసుకున్నా సరే, తెరిచి ఉన్నా సరే, నాతో కలిసి ఈ ఒక్క మాట అనండి: తండ్రీ, అవ్వ పాటలు ఒక్కటీ చెదరకుండా ఆమె కూతురి చేతికి చేర్చు. ఆమెన్.