పళ్లెం కింద దసరా

మావారు ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్షన్ విభాగంలో పనిచేసేవారు. బయటి నుంచి వచ్చిన ప్రతి భాగాన్నీ చూసి, కొలిచి, బాగుంటే దాని మీద సుద్దముక్కతో సున్నా చుట్టడం ఆయన ఉద్యోగం. ఇంటికొచ్చినా ఆ జబ్బు వదిలేది కాదు. నేను కొనుక్కొచ్చిన వంకాయల్ని కూడా వెలుతురుకి పట్టి చూసేవారు. మేము గుంటూరు వైపు నుంచి వచ్చి పటాన్‌చెరులో అద్దెకు దిగిన కొత్త అది, డెబ్భైల మొదట్లో.

ముందు వాటాలో ఇంటి యజమానురాలు, ఆమె కొడుకు ఉండేవారు. ఆమెను నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. దసరా దగ్గర పడుతుండగా ఒక ఆదివారం పొద్దున ఆమె కొంగు కప్పిన చెక్కపెట్టె ఒకటి తెచ్చి మా అరుగు మీద పెట్టింది. కరెంటుతో నడిచే రికార్డు ప్లేయరు. వాళ్లాయన బతికుండగా హైదరాబాదులో కొన్నదట.

"సారూ, జెర సూడున్రి. దసరాకు పాడకుంటె పాత సామాన్లోనికిచ్చి ట్రాన్సిస్టర్ తెస్తనంటున్నడు నా కొడుకు. ఆయన ఉన్నప్పుడు రోజు పొద్దుగూకంగ పెడుతుండె," అంది.

మావారు స్క్రూడ్రైవర్ ముట్టుకోలేదు. పెట్టె చుట్టూ తిరిగారు. వైరు పొడుగునా వేలితో తడిమారు. ముల్లు చూశారు, మూత బందులు చూశారు. నాకు ఒళ్లు మండింది.

"ఏవండీ, పెళ్లిచూపులా ఏమిటి? విప్పండి!"

"చూడకుండా చెయ్యి పెడితే, దానికున్న రోగం చాలక మన రోగం కూడా అంటుకుంటుంది," అన్నారు తాపీగా.

చివరికి స్విచ్ వేశారు. లోపల మోటారు గుయ్యిమంది గాని, రికార్డు పెట్టే పళ్లెం కదల్లేదు. స్విచ్ తీసేసి, పళ్లెం పైకెత్తారు. దాని కింద ఎండి పొడైన జమ్మి ఆకులు, పసుపు బియ్యం, గడ్డకట్టిన కుంకుమ. మోటారుకీ పళ్లేనికీ మధ్య తిరగాల్సిన చిన్న రబ్బరు చక్రం జిడ్డోడుతోంది.

"ఏదో గ్రీజు," అన్నారు మావారు.

నేను వాసన చూశాను. "గ్రీజూ కాదు, నా తలకాయా కాదు. నువ్వుల నూనె!"

పెద్దమ్మ ముఖం వెలిగిపోయింది. "నేనే ఏసిన. ఏటా నాగలికి, కుట్టు మిషనుకు పూజ జేసినట్టే దీనికి గూడ పళ్లెం లేపి బొట్టు వెట్టి, జమ్మి వెట్టి, జెరంత నూనె ఏస్త. ఆయన పోయినంక ఒక్క ఏడు గూడ తప్పలె."

ఉన్నది ఉన్నట్టు చెప్పడం తప్ప ఇంకోటి చేతకాని మనిషి కదా, మావారు చెప్పేశారు: "ఆ నూనెకే చక్రం జారిపోతోందండీ. అందుకే పళ్లెం తిరగడం లేదు."

ఆమె అరుగు మీద కూలబడిపోయింది. "అంటే నేనే దీని గొంతు పిసికిన్నా బిడ్డా?"

నాకు ఆయన మీద ఎంత కోపం వచ్చిందంటే, ఆ పూట అన్నం పెట్టకూడదనుకున్నాను. ఆమె పక్కన కూర్చుని అడిగాను. "పెద్దమ్మా, మీవాడు దీన్ని ఇన్నాళ్లూ ఎందుకు అమ్మలేదు?"

ఆమె కళ్లు తుడుచుకుంది. "పోయినేడు సామాన్లోన్ని పిలుసుకొచ్చిండు గద! వాడు పళ్లెం లేపి పసుపు కుంకుమ సూసి, 'పూజ వస్తువు నేను ముట్టనమ్మా' అని ఉరికిండు." అంటూనే ఆగి, నా వైపు చూసి, పకపకా నవ్వింది.

చక్రాన్ని సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాం. ముల్లు అరిగిపోయిందని కొత్తది హైదరాబాదు నుంచి తెప్పించాం. అది పాడిన సాయంత్రం మావారు అలవాటు కొద్దీ చెక్కపెట్టె పక్కన సుద్దతో సున్నా చుట్టారు. ట్రాన్సిస్టర్ కావాలన్న కొడుకే చీకటి పడేదాకా పక్కన కూర్చుని రికార్డులు మార్చాడు.

దసరా నాడు పెద్దమ్మ పసుపు, కుంకుమ, నూనె గిన్నె పట్టుకుని వచ్చి, పెట్టె ముందు నిలబడిపోయింది. "సారూ, బొట్టు యాడ వెట్టాలె?"

మావారు సుద్ద సున్నా చూపించారు. ఆమె సరిగ్గా దాని మధ్యలో బొట్టు పెట్టింది. తరవాత చేతిలోని నూనె గిన్నె వైపు ఒకసారి చూసి, ఆ నూనె తీసి మావారి నడినెత్తిన అద్దింది.