మొదటి జట్టు దిబ్బ మీద

బర్మాలో మా బేస్‌బాల్ క్లబ్బుకు మూడు జట్లుండేవి. మూడవ జట్టులో చేరిన నేను ఏడాది తిరగకుండానే రెండవ జట్టుకు చేరుకున్నాను. అక్కడే రెండు వానాకాలాలు గడిచిపోయాయి. బేస్‌బాల్‌లో బంతి విసిరేవాడు క్రికెట్ బౌలర్‌లా పరుగెత్తుకుంటూ రాడు. మట్టి దిబ్బపై నిలబడి, బ్యాటు పట్టినవానికి అందకుండా విసరాలి. బ్యాంకాక్ పోటీలకు వెళ్ళనున్న మొదటి జట్టులో అటువంటి స్థానం ఒకటి ఖాళీ అయింది. అది నాకు దక్కుతుందా అన్నది తప్ప ఆ రోజుల్లో నాకు మరొక ఆలోచన నిలిచేది కాదు. ఆఫీసులో కూర్చుని కూడా మణికట్టు తిప్పుతూనే ఉండేవాణ్ణి.

బోటాటౌంగ్ రేవు గోదాముల్లో పనిచేసే మా నాన్నకు ఇదంతా వినోదం. "మా వంశంలో మొదటి బి.ఏ.గారు బంతులిసురుతున్నారు. పై చదువేటి బాబూ, రాళ్ళా?" అనేవారు.

ఎంపిక మ్యాచ్ తామ్వేలో మొదటి జట్టు మైదానంలో జరిగింది. జపాను నుంచి వచ్చిన కోచ్ తానే అంపైరుగా నిలిచారు. వరుసగా ఇద్దరిని అవుట్ చేశాను. మూడవవాడు రాగానే ఆయన ఆట ఆపించి, దిబ్బ ఎక్కి, నా చేయి పట్టుకుని వేళ్ళు వాసన చూశారు. వాటికి లేత పసుపురంగు పొడి అంటి ఉంది. ఎండకు చల్లగా ఉంటుందని ఇక్కడ అందరూ చెంపలకు పూసుకునే తనాకా చెక్క గంధం అది. చెమట పట్టినప్పుడల్లా చెంప తడుముకోవడం నా అలవాటు.

నా బంతులు పట్టే బర్మా మిత్రుడు నవ్వాడు. "గురువుగారూ, అది మందు కాదు. మా ఆకోకి అందం మీద ఆశ." ఆకో అంటే అన్న.

కోచ్ నవ్వలేదు. బంతికి ఏదీ అంటరాదని, ముఖమూ చేతులూ కడుక్కుని రమ్మని ఆజ్ఞాపించారు.

కొళాయి కింద చేతులు పెట్టినప్పుడు నన్ను ఒకే సందేహం పీడించింది. ఇంతవరకు నన్ను పైకి తెచ్చింది నా చేయా, ఆ గంధమా?

తిరిగి వచ్చాక బంతి జారిపోసాగింది. నా గురి తప్పిన బంతుల వల్ల నలుగురు బ్యాటు ఆడించకుండానే వరుసగా మొదటి బేస్‌కు నడిచారు. నాలుగోవాడి వల్ల ముందున్నవాళ్ళు తలో బేస్ జరగడంతో ఒక పరుగు పోయింది. మిత్రుడు పరుగెత్తుకొచ్చాడు.

"ఆకో, దిబ్బ వెనక ఉన్న ఆ గుడ్డసంచి ఎందుకు ముట్టుకోవు?"

"అది మొదటి జట్టువాళ్ళది కదా."

"ఎవరిదీ కాదు! వేళ్ళకు పట్టు కోసం పెట్టిన పొడి. రూలు ఒప్పుకుంటుంది. డిగ్రీ ఇచ్చి నోరు లాక్కున్నారా? అడగొచ్చుగా!"

మా రెండవ జట్టు దిబ్బ మీద అటువంటి సంచి ఏనాడూ లేదు. పరాయివారి వస్తువును తాకడం అమర్యాద అనుకున్నాను. పొడి అద్దుకుని విసిరాను. తరువాతివాడు మూడుసార్లు గాలినే కొట్టి అవుటై వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఆ స్థానం వేరొకరికి ఇచ్చారు. "వానలు తగ్గాక మళ్ళీ విసురు, చూస్తాను" అన్నారు కోచ్. బస్సు కోసం నిలబడలేక ఇంటిదాకా నడిచాను.

"ఏటయింది?" అన్నారు నాన్న.

"రాలేదు. మళ్ళీ చూస్తామన్నారు."

"మల్లీయా? సరే, ముందు కూకుని తిను."

"ఇంకా వెలుతురుంది. వచ్చి తింటాను."

చెప్పులు విడవకుండానే బంతి తీసుకుని, సందు చివరి గోడ దగ్గరకు నడిచాను. ఏ పొడీ లేకుండా నా చేయి ఏమి చేయగలదో నాకింకా తెలియదు.