చూడని ఆటలకు రాసిన కరపత్రం

డెబ్బైల చివర్లో నేను బెజవాడ గవర్నరుపేటలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా ఇతరుల తప్పులు దిద్దడమే పని. సొంతంగా ఒక తప్పు చేద్దామన్నా చోటుండేది కాదు. పేరుకి బియ్యే. మనసులో మాత్రం రచయితని. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలీదు. నాక్కూడా భోజనమయ్యాక కాస్త అనుమానంగానే ఉండేది.

మా నాన్నగారికి ఆ అనుమానం కూడా లేదు. ఆయన చల్లపల్లి దగ్గర ఒక పల్లెలో మిషను బడి మాస్టారు. ఆదివారం చర్చిలో వాక్యం చదివేదీ ఆయనే. అచ్చులో ఉన్న అక్షరమంటే ఆయనకి అంతులేని నమ్మకం. నేను టీచరు ట్రైనింగుకి వెళ్ళనని, రాసుకుని బతుకుతానని చెప్పినప్పుడు ఆయన కేకలెయ్యలేదు. కేకలేస్తే నేనూ రెండు కేకలేసి అక్కడికక్కడే తేల్చేసుకునేవాణ్ణి. "క్రిస్మస్ లోపల నువ్వు సొంతంగా రాసింది ఒక్కటి అచ్చులో చూపించు. అక్కడ ఉంటావో ఇంటికొస్తావో అది చదివి చెబుతాను," అన్నారు. నవంబరు వచ్చేసింది. నేను పత్రికలకి పంపినవన్నీ పెళ్ళిచూపులకెళ్ళిన పెద్దల్లా మర్యాదగా తిరిగొచ్చేశాయి.

అలాంటప్పుడు ఉయ్యూరు నుంచి ఒక చెరుకు రైతుగారు మా ప్రెస్సుకి వచ్చారు. ఆయన బావమరిదికి బొంబాయి రేవులో ఏదో ఉద్యోగం. విదేశాల నుంచి ఓడలో దిగిన రెండు ఆటల మిషన్లు అతని ద్వారా దొరికాయట. కాఫీ హోటలు పైన మేడ అద్దెకి తీసుకుని వీడియో గేమ్స్ పెడుతున్నారట. మరో నాలుగు మిషన్లు దారిలో ఉన్నాయట. కరపత్రం కావాలి. బెజవాడలో ఏ కొత్త వస్తువొచ్చినా సినిమా వచ్చినట్టే రావాలి. రిక్షాకి రెండువైపులా బోర్డులు, లోపల మైకు, రోడ్డు పొడుగునా రంగు కాగితాలు విసిరే మనిషి. మా ప్రెస్సుకి సినిమా కరపత్రాలు రాసిపెట్టే ఆయన ఆ వారం కామెర్లతో మంచమెక్కాడు. ఓనరు చుట్టూ చూసి, ఇంకెవరూ కనబడక, నన్ను చూపించాడు. రైతుగారు నన్ను "రైటరుగారూ" అన్నారు. ఆ ఒక్క మాటకి నేను వరదలో కృష్ణ ఈదమన్నా ఈదేవాణ్ణి.

ముందు వస్తువు చూడాలి కదా అని మేడ మీదికెళ్ళాను. బీరువా అంత చెక్కపెట్టె, మొహాన ఒక అద్దం. అప్పటికి మా ఊళ్ళకి టెలివిజన్ రాలేదు. దానంతట అది వెలిగే అద్దాన్ని చూడటం అదే మొదలు. తెర మీద బొమ్మ పడాలంటే మన వెనకనుంచి వెలుగు రావాలని అప్పటిదాకా నా అనుభవం. అందుకని వెనక్కి తిరిగి గోడలో కన్నం కోసం వెతికాను. కన్నం లేదు. నల్లటి అద్దంలో ఒక తెల్లచుక్క అటు అంచుకి కొట్టుకుని ఇటూ, ఇటు అంచుకి కొట్టుకుని అటూ పోతోంది. కథ ఎప్పుడు మొదలవుతుందా అని గంటసేపు నిలబడ్డాను. మొదలవలేదు. రైతుగారిని అడిగితే, అదేనండీ మరి అన్నారు. ఆయన గొంతులోనూ ధీమా లేదు. పెట్టెకున్న కన్నంలో ఇత్తడి బిళ్ళ వేస్తేనే ఆట మొదలవుతుందని, కింద రేడియోకి ఉన్నట్టున్న నాబులు తిప్పాలని మా ఇద్దరికీ తెలీదు. ఆ బిళ్ళల సంచీ ఇంకా బొంబాయి నుంచి రానే లేదు.

ఒక్క చుక్క మీద కరపత్రం ఎలా రాయను? రైతుగారే దారి చూపించారు. ఉన్నవాటిని వదిలేసి రాబోయే నాలుగింటి గురించి రాయమని, బావమరిది పంపిన ఇంగ్లీషు కాగితాలు చేతిలో పెట్టారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. మిషన్లు ఓడ ఎక్కాయో లేదో ఎవరికీ తెలీదు, వాటి గుణగణాలు నేను వర్ణించాలి. నా ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కేంత వరకే. ఒకటి యుద్ధం ట్యాంకులు. ఒకటి కారు పందెం, అందులో కారు కనబడదట, రోడ్డొక్కటే కనబడుతుందట. కారు లేని కారు పందెమేమిటో ఎన్నిసార్లు చదివినా బోధపడలేదు. మూడోది చంద్రుడి మీదికి దిగే వాహనం. దిగుతుండగా ఇంధనం అయిపోతూ ఉంటుందట. నాలుగోది బంతితో గోడ పగలగొట్టడం. ఎవరి గోడ? ఎందుకు పగలగొట్టాలి? కాగితంలో ఎక్కడా చెప్పలేదు. ఇల్లు కట్టినవాడెవడూ ఇలాంటి ఆట కనిపెట్టడని నాకు కోపం కూడా వచ్చింది.

అర్థం కానిచోటల్లా సినిమా భాష అందుకున్నాను. ట్యాంకులకి అన్నదమ్ముల పగ తగిలించాను. గోడ వెనక ఒక అమాయక ఖైదీని పెట్టి, బయట అతని తల్లిని నిలబెట్టాను. కారు నడిపేది మీరే కాబట్టి మీ కారు మీకు కనబడదని రాశాను. అది నిజమేనని చాలా ఏళ్ళ తర్వాత తెలిసి నేనే ఆశ్చర్యపోయాను. చంద్రుడి దగ్గరికొచ్చేసరికి ఒళ్ళు మరిచిపోయాను. బెజవాడ మేడ మీద నిలబడి చంద్రమండలం నేల మీద మెల్లగా కాలు మోపండి, అక్కడి గుంటలు, గుట్టలు, అక్కడి నిశ్శబ్దం మీ కళ్ళతో చూడండి అని మొదలుపెట్టి పది వరుసలు పోయాను. నిశ్శబ్దాన్ని కళ్ళతో చూడటమేమిటని ప్రూఫు దిద్దేటప్పుడు నాకే అనుమానమొచ్చింది. పరాయివాడు రాసుంటే ఠక్కున కొట్టేసేవాణ్ణి. సొంత వాక్యం కదా, చెయ్యి రాలేదు.

పైన "త్వరలో" అని పెద్దక్షరాలతో పెట్టాను. రైతుగారు చూసి నొచ్చుకున్నారు. త్వరలో అంటే జనం కూడా త్వరలోనే వస్తారు గానీ ఇప్పుడు రారు కదండీ అన్నారు. ఓనరు ఆయన మాటే నెగ్గించాడు. ఆ మాటని కాగితం అడుక్కి దింపి, ప్రెస్సు చిరునామా పక్కన చీమ తలకాయంత చేశాం.

అచ్చయిన నా మొదటి సొంత రచన అదే. గులాబీరంగు కాగితం. ఒకటి మడిచి, "ఇది నేను రాసింది" అని ఉత్తరంలో పెట్టి నాన్నగారికి పంపించాను. మోసం చేద్దామని కాదు. జన్మలో సినిమా హాలు గడప తొక్కని మనిషి, దీని కోసం బస్సెక్కి వస్తారని ఎలా అనుకుంటాను? వాక్యాల నడక చూసి మెచ్చుకుంటారనుకున్నాను.

ప్రారంభం రోజు జనం విరగబడి వచ్చారు. రైతుగారు షామియానా కొట్టు నుంచి మడత కుర్చీలు తెప్పించి మిషన్ల ముందు వరసలుగా వేయించారు. వచ్చినవాళ్ళు కుటుంబాలతో కుదురుగా కూర్చుని, పిల్లలకి జంతికలు పంచి, చుక్క వంక చూశారు. మేమూ చూశాం. బిళ్ళలైతే అప్పటికి వచ్చాయి గానీ, అవి లోపలికొచ్చే జనానికి టిక్కెట్టుగా ఇవ్వాలనుకుని రైతుగారు గుమ్మం దగ్గర పంచేశారు. అరగంట గడిచాక ఒక పెద్దావిడ నన్ను పిలిచి, ఖైదీ తల్లి ఎప్పుడొస్తుంది నాయనా అని అడిగింది. ఇంటర్వెల్ తర్వాతండీ అని చెప్పేసి, కిందికి దిగి కాఫీ తాగుతూ కూర్చున్నాను. మర్నాడు ఇబ్రహీంపట్నంలో కడుతున్న కరెంటు కేంద్రం నుంచి ఒక ఇంజనీరుగారు సరదాగా వచ్చి, బిళ్ళ ఎక్కడ వెయ్యాలో, నాబు ఎలా తిప్పాలో చూపించారు. అప్పుడు గానీ అది చూసేది కాదని, ఆడేదని మాకు తెలిసిరాలేదు.

ఆ తర్వాతి శనివారం మధ్యాహ్నం నాన్నగారు ప్రెస్సు గుమ్మంలో నిలబడి ఉన్నారు. చంకలో గొడుగు, చేతిలో గులాబీరంగు కాగితం. భోజనం చేద్దాం రండని లాగాను. కాస్త నిద్రపోండన్నాను. చూసొచ్చాకే ఏదైనా అన్నారు.

మ్యాట్నీ వేళ కావడంతో మేడ మీద ఎవరూ లేరు. చెరుకు నరుకుడు మొదలైందని రైతుగారు ఉయ్యూరు వెళ్ళారు. నాన్నగారు చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికొచ్చి, ముందు వరస కుర్చీలో కూర్చున్నారు. నేను వెతికినట్టే ఆయనా వెనకగోడ వైపు ఒకసారి చూశారు. తర్వాత జేబులోంచి చిన్న నోటుపుస్తకం, పెన్సిలు తీశారు. బడిలో చంద్రుడి పాఠం దగ్గరకొచ్చేసరికి ప్రతి ఏడూ ఇబ్బందేనట. పుస్తకంలో బొమ్మ మసిబారి, ఏది గుంటో ఏది గుట్టో ఆయనకే తెలియదట. పిల్లలకి నా కరపత్రం చదివి వినిపించారట. స్వయంగా చూసొచ్చి సోమవారం చెబుతానని మాటిచ్చారట. తెర మీద చుక్క తన పాటికి తాను తిరుగుతోంది.

"ఆ తెల్లగా ఉన్నదేనా చంద్రుడు?" అన్నారు.

ఒక్క అబద్ధంతో గండం గడిచిపోతుంది. ఆయన రాసుకుని సంతోషంగా వెళ్ళిపోతారు, నేను బెజవాడలో ఉండిపోతాను. అవునండీ అన్నాను. ఆయన ముందుకి వంగి చాలాసేపు చూశారు. నలుచదరంగా ఉందేమిట్రా అన్నారు. నిజమే, అది గుండ్రంగా లేదు, బెల్లం అచ్చులా నాలుగు మూలలతో ఉంది. ఇన్నాళ్ళూ నేను గమనించనేలేదు. దూరం నుంచి అలా కనబడుతుందేమోనండీ అన్నాను. ఆయన తల ఊపి, పెన్సిలు తడి చేసుకుని, పుస్తకంలో ఒక చదరం గీశారు. దాని కింద "చంద్రుడు" అని బడి పిల్లలకి రాసే గుండ్రటి అక్షరాలతో రాశారు.

అది చూశాక నా వల్ల కాలేదు. ముప్ఫైమంది పిల్లలు పలకల మీద చదరం గీసుకుని చంద్రుడని నమ్ముతారు. నేను చెప్పినందుకు కాదు, ఆయన చెప్పినందుకు.

"రాయకండి నాన్నగారూ. అది చంద్రుడు కాదు, బంతి. చంద్రుడి మిషను ఇంకా రాలేదు. అందులో రాసినవి నాలుగూ నేను చూడలేదు," అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని కరపత్రం మళ్ళీ మొదటినుంచీ చదివారు. ఈసారి అడుగున ఉన్న "త్వరలో" దొరికింది. ఇది ఇంత చిన్నగా ఎందుకుందని అడిగారు. చెప్పాను. సరే, ఉన్నదేదో చూపించమన్నారు. బిళ్ళ వేశాను. ఆయన ఎడమవైపు, నేను కుడివైపు నిలబడ్డాం. తెర మీద ఆయనకో గీత, నాకో గీత. మొదట రెండుసార్లు ఆయన బంతి వదిలేశారు. తర్వాత పట్టు దొరికింది. నేను గెలవాలో ఓడాలో తెలీక నాబు అటూ ఇటూ తిప్పుతూ ఓడిపోయాను. ఆయన నవ్వారు. ఆ నవ్వు ఆటకి వచ్చిందో, నా మొహం చూసి వచ్చిందో, కోపాన్ని అణుచుకోవడానికి వచ్చిందో నాకు అంతుపట్టలేదు. తిట్టినా బాగుండేది, ఎక్కడున్నానో తెలిసేది.

బస్టాండు దాకా నడిచాం. చల్లపల్లి బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. నేను కింద నిలబడి, ఇక ఉండబట్టలేక, ఇంటికొచ్చెయ్యమంటారా అని అడిగాను.

"దేనికి? రాయడం వచ్చు నీకు. వయసు మళ్ళినవాణ్ణి బస్సెక్కించావు," అన్నారు. కిటికీ దగ్గరికి వంగి, "అందుకే నాకు భయం," అన్నారు.

అది ఉండమనడమో కాదో అర్థం కాలేదు. కండక్టరు విజిలేశాడు. కిటికీ ఊచ పట్టుకుని, సోమవారం పిల్లలకి ఏం చెబుతారండీ అని అడిగాను.

"ఉన్నదే చెబుతాను. మావాడు రాశాడు, నేను నమ్మాను అని."

బస్సు కదిలింది. సిగ్గుతో నేను చెయ్యి కూడా ఊపలేకపోయాను.