తర్జుమా కాని గాలి

గూడ్సు యార్డులో నూకరాజు చెంపకున్న పేరు పెద్ద ఆఫీసర్లకి కూడా లేదు. వ్యాగన్ల బ్రేకు గొట్టాల్లో గాలి ఎక్కడ కారుతోందో మేమంతా సబ్బు నురగ రాసి, బుడగ లేస్తే కనిపెట్టేవాళ్లం. అతను ఎడమ చెంప అతుకు దగ్గర పెట్టి, "ఇదిగో, ఇక్కడ" అనేవాడు. ఇరవై ఏళ్లు పక్కనే పనిచేశాను. ఒక్కసారి తప్పలేదు.

అందుకే 1988లో, భార్య అచ్చియమ్మ పోయిన మూడో నెలలో, అతను చెప్పింది విని నవ్వలేకపోయాను. రోజూ సాయంత్రం నాలుగింటికి, తలుపులు మూసిన క్వార్టర్లో, ఫ్యాను ఆపి ఉండగా, చెంపకి ఊపిరి తగులుతోందట. వెచ్చగా, కాస్త వక్కపొడి వాసనతో. నేనే వెళ్లి కిటికీ సందులకీ తలుపు చట్రానికీ నురగ రాశాను. ఒక్క బుడగ లేవలేదు. నాలుగయ్యేసరికి గోడమీది కేలండరు కాగితం మెల్లగా పైకి లేచి దిగింది.

"గాలి సోకినాది" అన్నారు కాలనీ ఆడవాళ్లు. మనకి వీచేదీ గాలే, పట్టేదీ గాలే. కూతురు ఉషారాణి హడలిపోయి, ఆదివారం వచ్చి వదిలించమని భూతవైద్యుడు ఎర్రయ్యకి కబురు పెట్టేసింది. నూకరాజు భయం వేరు. వట్టి గాలైతే పోతే పోయింది. అచ్చియమ్మైతే? చేతులారా తరిమినట్టే కదా.

చదువుకున్నవాళ్లని అడుగుదామని శనివారం ఇద్దర్ని వరండాలో కూచోబెట్టాడు. ఒకరు తెలుగు చర్చి పాస్టరు దేవసహాయం గారు, ఇంకొకరు ఇంజను డ్రైవరు రషీద్ భాయి.

"మా గ్రంథం మూలంలో, హీబ్రూలో, రూఅహ్ అని ఒకే మాటండి," అన్నారు పాస్టరు. "గాలీ అదే, ఊపిరీ అదే, ఆత్మా అదే. తర్జుమా చేసినవాళ్లే ఒకచోట గాలి అనీ, ఇంకోచోట ఆత్మ అనీ విడగొట్టారు."

"అచ్ఛా, విడగొట్టడమే మంచిది," అన్నాడు రషీద్ భాయి. "మా అరబ్బీలో రీహ్ అంటే గాలి, రూహ్ అంటే ప్రాణం. రెండూ కలపకూడదు."

టీలు చల్లారిపోయాయి. ఎవరు పట్టిన కుందేలుకి వాళ్లు మూడే కాళ్లంటారు. నాకు ఒళ్లు మండింది. పెళ్లాం పోయినవాడి ముందు వ్యాకరణమేమిటి! అంతలో పాస్టరు అన్నారు: "పైగా అక్కడ అది ఆడమాటండి. తెలుగులో 'వీచింది' అంటే అదో ఆమో తెలీదు. హీబ్రూలో తెలుస్తుంది."

నూకరాజు గబుక్కున లేచాడు. "ఏటన్నారు బాబూ? ఆడమాటా?" అని, ఆ మాటని పాస్టరు చేత పదిసార్లు పలికించుకుని నేర్చుకున్నాడు.

ఆదివారం ఎర్రయ్య ముగ్గేసి, నిమ్మకాయలు పెట్టి, "దాని పేరు సెప్పు. పేరు సెప్తేనే నా మాట ఇంటాది" అన్నాడు.

నూకరాజు కేలండరు వైపు చూసి, "రూఅహ్" అన్నాడు.

"అదే భాస?"

"హీబ్రూ."

ఎర్రయ్యకి తెలుగూ ఒడియా మంత్రాలే వచ్చు; హీబ్రూ పేరుకి అవి పనిచెయ్యవు. నిమ్మకాయలు సంచీలో వేసుకుని వెళ్లిపోయాడు. ఉషారాణి ఏడ్చింది. "అమ్మని ఇలగే కట్టీసి ఉంచుతావా నాన్నా?"

"కట్టనేదమ్మా. తర్జుమా సెయ్యనేదు, అంతే."

తొంభై నాలుగులో నూకరాజు రిటైరై, ఊరి చివర లింగియాడీహ్ పేటలో కూతురింటికి చేరాడు. వెళ్లేముందు గుమ్మంలో నిలబడి ఆ మాటతోనే పిలిచాడు. వెంట ఏదీ రాలేదు. ఆ క్వార్టరు నాకిచ్చారు. చేరిన మొదటి సాయంత్రమే నాలుగింటికి నా కేలండరు లేచి దిగింది. భయపడ్డాను, కానీ దాచడం పాపమనిపించి వెళ్లి నూకరాజుకి చెప్పాను.

మర్నాటి నుంచీ మూడున్నరకల్లా సైకిలు మీద వచ్చేవాడు. టీ ఇస్తే వద్దనేవాడు. ఎడమ చెంప గోడ వైపు పెట్టి కూచునేవాడు.

ఏడాది తిరిగాక ఒక బుధవారం రాలేదు. నాలుగైంది. కేలండరు కదల్లేదు. మళ్లీ ఎన్నడూ కదల్లేదు. ఐదింటికి ఉషారాణి కబురు పంపింది. నాన్న నాలుగింటికి పోయాడనీ, ఎడమ చెంప పైకి పెట్టి పడుకున్నాడనీ.