తలుపు వెనక గొంతు

గల్ఫ్‌లో ముసఫ్ఫా వెళ్లే కంపెనీ బస్సులో నా పక్క సీటు మనిషి ఫోన్లో పిస్తోళ్ల బొమ్మలు చూస్తున్నాడు.

"ఊళ్లో మా ఆవిడ ఒక్కర్తే ఉంటాదండి. ఎవడో రాత్రుళ్లు తలుపు కొడతన్నాడంట. చవకలో చిన్నదోటి కొందామంటే లైసెన్సు ఇవ్వరు. ఇచ్చినా, ఆవిడకి పేల్చడం ఎక్కడొచ్చండి?"

తలుపు చప్పుడైతే ఆమె లోపల్నుంచి ఫోన్లో మగగొంతు వినిపిస్తుందని, "ఎవడ్రా అది?" అంటూ తన గొంతే రికార్డు చేశాడు. విని, తల అడ్డంగా ఊపాడు.

"పన్నెండేళ్లు ముదీర్ ముందు, అదే మేనేజరు ముందు, 'ఎస్ సార్' అన్న గొంతండి. దీనికెవడు భయపడతాడు? మీరోసారి అనండి."

నేను అతని ఫోన్లోకి గట్టిగా అన్నాను. బస్సులో అందరూ తిరిగి చూశారు. అతను రెండుసార్లు విని, దాన్నే ఇంటికి పంపి, కిటికీ వైపు తిరిగిపోయాడు.

అతని ఊరేదో నేను అడగలేదు. ఆ ఇంటి తలుపు చప్పుడైతే ఇప్పటికీ నేనే పలుకుతున్నానేమో.