అద్దం వెనక బొంత

పుదుచ్చేరిలో చిత్రకారులుండే పాత వీధిలో నేనూ మా చెల్లెలూ మూడు రోజులకు ఒక అపార్టుమెంటు తీసుకున్నాం. గోడ కనపడనన్ని బొమ్మలు. స్నానాల గదిలో కూడా రెండు. హాల్లో సోఫా పైన, అద్దం బిగించిన ఫ్రేములో ఒక బొంత. పాత చీరల ముక్కలు, మధ్యలో వంకర కుట్లతో ఒక ఆవు. కింద చీటీ: “జానపద కళ. కళాకారిణి అజ్ఞాతం.”

మర్నాడు పొద్దున ఇల్లు తుడవడానికి దగ్గర్లోని విల్లియనూరు నుంచి ఒకామె వచ్చింది. యాభై దాటి ఉంటాయి. మా మాటలు విని ఆగింది.

“మీరు తెలుంగా మా? మా ఇంట్లో గూడా అదే.”

మాటల్లో బొంత చూపించి, ఎంత బాగుందో అన్నాను.

“అది మా యమ్మ కుట్టింది,” అంది.

నేను నమ్మలేనట్టు చూశాను.

“నేను జొరమొచ్చి పడుకోనుంటే ఈ ఇంటి మేడం చూడను వచ్చె. కప్పుకోనుండే బొంత చూసి, ఫోటో తీసి ఇస్తానని ఎత్తుకపొయ్యె. అడిగితే, నీ ఇంట్లో ఎలికలు కొట్టేస్తాయి, ఈడ బద్రంగా ఉంటింది అనె.”

నాకు ఒళ్లు మండిపోయింది. కూతురు రోజూ ఆ గోడ కిందే తుడుస్తుంటే తల్లి అజ్ఞాతమట! పై అంతస్తులోనే ఉండే యజమానురాలికి ఫోన్ చేసి రమ్మన్నాను. ఆమె కూడా చిత్రకారిణే.

“వాళ్ల ఇంట్లో అది చింకిగుడ్డ. నేను చూశాకే కళ అయింది,” అందామె నవ్వుతూ.

“కనీసం ఆ తల్లి పేరు రాయండి.”

“పేరు రాస్తే అందం పోతుంది.”

నేను అరిచేశాను. ఏమన్నానో కూడా గుర్తు లేదు. పనామె మాత్రం గొంతు పెంచలేదు.

“పేరు వద్దు మేడం. బొంత ఇచ్చేయండి.”

“అయితే రేపట్నుంచి పనికి రావద్దు.”

“సరి,” అని స్టూలు లాక్కుని ఎక్కింది. మా చెల్లెలు స్టూలు పట్టుకుంది. ఫ్రేము నేను అందుకున్నాను. యజమానురాలు పోలీసులంది, కానీ పిలవలేదు. ఏమని చెబుతుంది? ముగ్గురం ఆటోలో బస్టాండుకు వెళ్లి, ఆమెను ఫ్రేముతో సహా బస్సెక్కించాం. ఆ మధ్యాహ్నమే గది ఖాళీ చేశాం.

నెల తర్వాత ఆమె ఫోన్ చేసింది. పుదుచ్చేరిలోనే మేట్టుపాళయంలో ఒక కంపెనీ క్యాంటీన్‌లో చేరిందట. అద్దం ఊడదీసి బొంత వాడుకుంటోందట.

అపార్టుమెంటు బుకింగ్ పేజీలో మాత్రం మా గురించి యజమానురాలు రాసిన ఒక మాట ఉంది: “కళ విలువ తెలియని అతిథులు.” జరిగింది జరిగినట్టు జవాబు రాశాను. తీసేశారు. మళ్లీ రాశాను.